మామ గొంతు కదలలేదు

పగ ఉన్నవాడు గడ్డం గీసుకోడు. జమ్మలమడుగు వైపు ఇది పాత పద్ధతి. తన మనిషిని చంపినవాణ్ణి చంపేదాకా కత్తి ముఖానికి తగలనివ్వరు. నా చిన్నప్పుడు బొడ్డు దాకా గడ్డం పెరిగిన పెద్దమనుషులు ఉండేవాళ్లు. వాళ్లు సందులోకి వస్తే కుక్కలు కూడా పక్కకు తప్పుకునేవి. నేనూ ఒకసారి అలాగే గడ్డం పెంచాను. నాది పగకు పనికొచ్చే గడ్డం కాదు. ఎడమ చెంప మీద ఒత్తుగా వచ్చి, కుడి చెంప మీద మాత్రం వానలు ఎగ్గొట్టిన ఏడాది మెట్ట చేనులాగా అక్కడొకటి ఇక్కడొకటి మొలిచింది. చూసినవాళ్లు ప్రతీకారం అనుకోలేదు, తామర అనుకున్నారు.

ఆ పగ ఒక మనిషి మీద. ఊరంతా ఆయన్ను మామా అనే పిలిచేది కాబట్టి నేనూ మామ అనే రాస్తాను. మేనమామ కాదు, పిల్లనిచ్చిన మామ కాదు. మా వైపు కాస్త వయసులో పెద్దయితే చాలు, ప్రతి మగవాడూ మామే. ఈయన జమ్మలమడుగు దగ్గరి ఒక పల్లెలో ఒక వర్గం నాయకుడికి కుడిభుజం. నాయకుడిది ఎడమచేతి వాటం కావడంతో కుడిభుజానికి తీరిక ఎక్కువ. ఆ తీరికను మామ మాలాంటి వాళ్ల మీద ఖర్చు పెట్టేవాడు.

అప్పటికి బాంబులు తగ్గి బ్యానర్లు పెరిగాయి. వర్గాలు పార్టీలయ్యాయి. జీపులు కొత్తవి, వాటిలో మనుషులు పాతవాళ్లే. నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. ఎన్నికలొస్తే జీపెక్కి మైకు పట్టుకునేవాణ్ణి. ప్రాసలు కట్టడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. తాగడం పెద్దయ్యాక వచ్చింది. పార్టీవాళ్లు దయగలవాళ్లు, మొదటి జబ్బుకు కూలి రెండో జబ్బు రూపంలో ఇచ్చేవాళ్లు.

మా ఆవిడది పులివెందుల. నేను తాగే రోజుల్లో ఆమె ఎసట్లో నాకు బియ్యం పోసేది కాదు. ఏ పూట వస్తానో, వచ్చినా తింటానో లేదో తెలియని మనిషికి అన్నం వండి పారెయ్యడం ఎందుకని. కడపలో ఒక ఆసుపత్రిలో ఉండి వచ్చి మొదటిసారి మానేసినప్పుడు, కొన్నాళ్లు నన్ను అనుమానంగా చూసి, ఒకనాడు ఏమీ అనకుండా ఇంకో గుప్పెడు బియ్యం పోసింది. నాకు ఏ సన్మానంలోనూ కప్పని శాలువా అది.

ఆ గుప్పెడు బియ్యాన్నే మామ నా నోటి దగ్గర నుంచి లాక్కున్నాడు.

జమ్మలమడుగు పాత బస్టాండు దగ్గర సభ. నాయకుడు ఇంకా రాలేదు, జనం లేచిపోకుండా చూసే పని నాది. ఎండకు గొంతు పిడచగట్టింది. మామ నారింజ రంగు కూల్‌డ్రింకు సీసా తెచ్చి చేతిలో పెట్టాడు.

“గొంతు తడుపుకో అయ్యవారూ. పెద్దాయన వచ్చేదాకా నువ్వే మాకు పెద్దాయన.”

మొదటి గుక్కకే తెలిసిపోయింది. అలాంటి విషయాల్లో నా నాలుక పట్టభద్రురాలు. ఉమ్మెయ్యవచ్చు. కానీ గొంతు తలకాయను సంప్రదించలేదు. రెండో గుక్క తనంతట తానే దిగింది. తర్వాత సీసా దిగింది. ఆ తర్వాత నేను మైకు తీసుకుని, ఎదుటి పార్టీ గుర్తుకు ప్రాస బాగా కుదిరిందన్న ఒకే ఒక్క కారణంతో, దానికే ఓటెయ్యమని జనాన్ని కళ్లనీళ్లతో బతిమాలాను.

మామ జీపు బానెట్ మీద అరచేత్తో కొట్టి కొట్టి నవ్వాడు. “నేను చెప్పలా! వీడు మానేదేంది! సీసా మూత తీసిన సద్దు ఇనపడితే పాడె మింద నుంచి గూడా లేస్తాడు వీడు!”

ముందే పందెం కట్టుకున్నారట. పందెం ఒక పొట్టేలు. అదీ ముసలిదని తర్వాత తెలిసింది.

ఆ ఉపన్యాసాన్ని ఎవరో సెల్‌ఫోన్‌లో పట్టారు. బడివాళ్లు సెలవు తీసుకోమన్నారు, ఎప్పటిదాకానో చెప్పలేదు. పుట్టింటికి పోయి ఉన్న మా ఆవిడకు అక్కడే ఎవరో చూపించారు. ఆమెకు కోపం వస్తే నన్ను సార్ అంటుంది. తిరిగొచ్చి చెప్పులు విడుస్తూ అంది: “సార్, మీ ప్రసంగం పులివెందుల్లో శానా బాగా ఇనపడింది.” ఆ పూట ఎసట్లో బియ్యం ఒక గుప్పెడు తగ్గింది.

గడ్డం మొదలైంది అప్పుడే. వేటకొడవలి పట్టుకునే చెయ్యి కాదు నాది. సుద్దముక్క పట్టుకుంటేనే వణికేది. అందుకని ఇంకో రకంగా ఒట్టు పెట్టుకున్నాను. మామ మనుషులందరి ముందర, మామ చేతిలో గ్లాసు ఉండగా, నేను తాగకుండా నిలబడి, ఆయన్ను జనం నవ్వేలా చేసిన నాడే మంగలి దగ్గరికి పోవాలి. అంతవరకూ చుక్క ముట్టకూడదు. ఒట్టయితే పెట్టుకున్నాను గానీ మూడోనాటికే ముట్టాను. గడ్డం ఒక్కటే మాట మీద నిలబడి పెరుగుతూ వచ్చింది.

ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ల వెనక సందులో ఒక మానసిక వైద్యుడి ఆసుపత్రి ఉండేది. మా ఆవిడే తీసుకుపోయింది. డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

“తలకాయ ముందరి భాగంలో వద్దు అని చెప్పేది ఒకటి ఉంటాది సార్. తాగీ తాగీ దానికి బద్ధకమొచ్చింది. పైనుంచి సన్నగా కరెంటు పంపిస్తే కొంచెం మేలుకుంటాది. మేలుకున్నదానికి పని చెప్పకపోతే మళ్లా పండుకుంటాది. అందుకని కరెంటు నడిచేటప్పుడే కూచోని ధ్యాస నేర్చుకోవాల. రెండూ జతగా.”

“గ్యారంటీ ఉంటాదా సార్?” అన్నాను.

“గ్యారంటీ కావాలంటే మిక్సీల అంగడికి పోండి. ఇది ఇంకా పరీక్షల్లో ఉండే వైద్యం. కొందరికి పనికొచ్చింది, కొందరికి రాలేదు. మాత్రలు మాత్రం మానగూడదు.”

బయటికొచ్చాక మా ఆవిడ అంది: “ఇంట్లో కరెంటే నిలవదు, నీ తలకాయలో నిలుస్తాదా సార్?”

పెద్ద యంత్రమేమీ కాదు. టిఫిను డబ్బా అంత పెట్టె, రెండు వైర్లు, వాటి కొసల రెండు స్పాంజి ముక్కలు. స్పాంజిని ఉప్పునీళ్లలో తడిపి నుదుటికి రబ్బరు పట్టీతో కట్టేవాళ్లు. పట్టీ గడ్డం కింది నుంచి పోయేది. నీళ్లు కారి కంట్లో పడేవి. కరెంటు మొదలైతే చర్మం మీద చీమలు పాకినట్టు చిమచిమలాడేది, కాసేపటికి సర్దుకునేది. మందు మానడానికి పసరుమందు పోసుకున్నవాణ్ణి, మాత్రలు మింగినవాణ్ణి, తలకు ఉప్పు పట్టించుకోవడం మాత్రం అదే మొదలు. ఊరగాయకు జరిగే మర్యాదలన్నీ నాకు జరిగాయి.

ధ్యాస నేర్పే అమ్మాయి రోజూ కమలాపురం నుంచి బస్సులో వచ్చేది. మొదటిరోజు పట్టీ బిగిస్తూ అడిగింది: “ఈ గడ్డమేంది సార్, తిరుపతి మొక్కా?”

“కాదమ్మా. పగ.”

ఆమె పట్టీ ఒక రంధ్రం వదులు చేసింది.

ఆమె చెప్పింది వినడానికి సులువు. కళ్లు మూసుకోవాలి. ఊపిరి వచ్చేదీ పోయేదీ చూడాలి. తాగాలని అనిపిస్తే దాంతో కొట్లాడకూడదు, దాని మాట వినకూడదు. ఒంట్లో ఎక్కడ మొదలైందో, ఎట్లా పెరిగిందో, ఎట్లా దిగిందో చూస్తూ ఉండాలి. అంతే. నాకు అది చాలా రోజులు తలకెక్కలేదు, తలకు కరెంటు పెట్టినా కూడా. కొట్లాడకుండా చూడడమేమిటి?

ఒకనాడు ఉన్నట్టుండి మా ఊళ్లో కాపు కాసే మనుషులు గుర్తొచ్చారు. శత్రువు జీపు కోసం వంతెన కింద కూర్చునేవాళ్లు. కదలరు, దగ్గరు, బీడీ ముట్టించరు. జీపు ఏ మలుపు దగ్గర కనపడుతుందో, ఎంత వేగంతో వస్తుందో చూస్తూ ఉంటారు. నేనూ నా గొంతు దగ్గర అట్లాగే కాపు కాశాను. వచ్చింది. మొదట దవడ బిగిసింది, తర్వాత నోట్లో నీళ్లూరాయి, తర్వాత అరచేతులు కాలాయి. పెరిగింది, పెరిగింది, ఇంక పెరగడానికి ఏమీ దొరక్క మెల్లగా దిగిపోయింది. జీపు నన్ను చూడకుండానే వెళ్లిపోయింది.

సంతోషంతో కళ్లు తెరిచి ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాను. ఆమెకు వంతెన సంగతి నచ్చినట్టు లేదు గానీ, “మంచిది సార్” అంది.

ఒకటే చిక్కు. తాగాలన్న కోరిక వచ్చి పోయేది గానీ, మామ వస్తే పోయేవాడు కాదు.

“ఇప్పుడు ఏమొచ్చింది సార్?”

“మామ వచ్చినాడమ్మా.”

“రానీండి. పోనీండి.”

“మా వైపు మామ వస్తే అంత సులువుగా పోడమ్మా. భోంచేసి, పండుకోని లేచి, టీ తాగి పోతాడు.”

ఆమె నవ్వి, మళ్లీ గంభీరంగా అడిగింది: “మామ వస్తే ఒంట్లో యాడ తెలుస్తాంది సార్?”

“యాడా లేదు.” అబద్ధం చెప్పాను.

చివరికి నా ఒట్టు సంగతి బయటపెట్టాల్సి వచ్చింది. నేను తాగకుండా ఉన్నది ఆరోగ్యం కోసం కాదని, మామ కోసమని చెప్పాను. ఆమె పెట్టె ఆపి, స్పాంజి తీస్తూ అంది: “సరే, పగ పట్టుకోని నిలబడినారు. పగ తీరిన దినం ఏం పట్టుకుంటారు సార్?”

ఆ ప్రశ్నను మరిచిపోవడానికి ప్రయత్నించాను. కానీ కరెంటు పెట్టి మరీ మేలుకొలిపిన తలకాయ కదా, మరిచిపోనివ్వలేదు.

అలా కొన్ని నెలలు నిలబడ్డాను. ఎసట్లోకి మళ్లీ నా గుప్పెడు చేరింది.

అప్పుడే మా ఆవిడ పులివెందుల పోయి ఒక వార్త తెచ్చింది. చెప్పాలా వద్దా అని రోజంతా ఇంట్లో తిరిగి, చివరికి కూరలో కారం వేస్తూ చెప్పింది. “ఆసుపత్రిలో మీ మామను చూస్తి. కండ్లు పసుప్పచ్చగా ఉండాయి. పెండ్లామే చెప్పింది, లివరు చెడిందంట. ఇంకో గుక్క తాగితే మాది పూచీ కాదన్న్యారంట డాక్టర్లు. తాగడం లేదని ఎవ్వరికీ చెప్పొద్దని ఆయమ్మ చేత ఒట్టేయించుకున్న్యాడంట. ఉత్త గ్లాసు పట్టుకోని తిరుగుతాండాడు. నీకెందుకు చెప్తాండానో నాకే తెల్దు.”

ఎందుకు చెప్పిందో నాకు తెలుసు. ఆ రోజు కూరలో కారం మామూలు కంటే ఎక్కువ పడింది, ఇద్దరం ఇష్టంగా తిన్నాం.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. తరాలుగా నరుక్కున్న రెండు వర్గాల నాయకులూ ఒకే పార్టీలో ఉండాలని పైనుంచి ఫోను వచ్చింది. బాంబులకు లొంగనివాళ్లు ఫోనుకు లొంగారు. సింహాద్రిపురం దగ్గర ఎవరి వర్గానికీ చెందని ఒక చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, విందు పెట్టారు. మైకు పట్టుకోవడానికి రెండు వైపులా నమ్మే మనిషి కావాలి. వెతికితే నేనే దొరికాను. ఒకే సభలో రెండు పార్టీలకూ ఓట్లడిగిన చరిత్ర ఆ చుట్టుపక్కల నాకొక్కడికే ఉంది.

మా వైపు రాజీ విందుకు ఒక ఆచారం ఉంది. ఒక వర్గం మనిషి రెండో వర్గం పెద్దకు మొదటి గ్లాసు అందిస్తాడు. అందించే ముందు తానొక గుక్క తాగాలి, విషం లేదని. తాగినట్టు నటిస్తే చాలదు. రెండు వైపులా కాని మూడోవాడు దగ్గర నిలబడి గొంతు చూసి, “కదిలింది” అని గట్టిగా చెప్పాలి. అప్పుడే గ్లాసు చేతులు మారుతుంది. ఆ పూట మూడోవాణ్ణి నేను. అందించేవాడు మామ.

చీనీ చెట్ల కింద బల్ల. బల్ల మీద సీసాలు. నా మైకు స్టాండు ఆ బల్ల పక్కనే. మామ చిక్కిపోయాడు గానీ నోరు చిక్కలేదు. నన్ను చూడగానే ఒక సీసా మూత తిప్పి నా ముక్కు కింద ఆడించాడు.

“ఏమప్పా అయ్యవారూ, గడ్డం పెంచినావు! సన్యాసమా? ఈ తూరి ఎవరికి ఓటెయ్యమంటావో ముందే చెప్పు, మా పెద్దాయన కాళ్లకు చెప్పులేసుకోని పరిగెత్తాల గదా!”

రెండు వర్గాలూ కలిసి నవ్వాయి. వాళ్ల ఐకమత్యానికి పునాదిరాయి నేనే.

వాసన తగిలింది. దవడ, నీళ్లు, అరచేతులు. వంతెన కింద కూర్చున్నాను. పోయింది.

మామ గ్లాసు నింపుకుని ఎదుటి వర్గం ముసలాయన ముందు నిలబడ్డాడు. తెల్లమీసాల మనిషి. ఆయన అన్నను చంపిన కేసులో మామ పేరు ఒకప్పుడు వినిపించింది. మామ గ్లాసు పెదవులకు ఆనించి, తల వెనక్కు వంచి, కిందికి దించాడు. మీసం తడిసింది. నాటకంలో తాగుబోతు వేషం వేసేవాడు కూడా అంత బాగా చెయ్యడు. తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపులో వెటకారం లేదు. నాకు తెలుసని ఆయనకు తెలియదు. అయినా ఎందుకో బతిమాలాడు, కళ్లతోనే.

ఒక్క మాట చాలు. కదిలిందంటే అయిపోతుంది.

మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను. “మామ గొంతు కదలలేదు.”

లౌడుస్పీకరు నా మాటను తోట చివరిదాకా మోసింది. ఆకులు తినే మేకలు కూడా తలెత్తినట్టు అనిపించింది. ముసలాయన వెనక ఉన్నవాళ్ల చేతులు లుంగీల నడుముల దగ్గరికి పోయాయి. మామ వైపు వాళ్లూ లేచారు. “ఏముండాదిరా ఆ గ్లాసులో?” అని ఎవరో అరిచారు.

మామకు రెండే దారులు. తాగాలి, లేకపోతే ఎందుకు తాగలేదో చెప్పాలి. మామ చెప్పే మనిషి కాదు. గ్లాసు వైపు చూశాడు. ముక్కుపుటాలు పెద్దవయ్యాయి. ఏమీ తాగకుండానే ఆయన గొంతు ఉత్తనే ఒకసారి కదిలింది. ఆ కదలిక నాకు బాగా తెలుసు. గ్లాసు లేచింది.

నేను ఆయన గొంతునే చూస్తున్నాను. తాగు, తాగు, తాగు. నా దవడ బిగిసింది. నోట్లో నీళ్లూరాయి. అరచేతులు కాలుతున్నాయి. ఆ అమ్మాయికి యాడా లేదని చెప్పానే, అది ఇవే మూడు చోట్ల. ఇది వేరే దాహం కాదు. అదే జీపు, వేరే దారిలో వస్తోంది. మామ గొంతు కదిలిందా, నా పగ తీరుతుంది. తీరితే ఇంక నేను పట్టుకోవడానికి ఏమీ మిగలదు, చేతికందే దూరంలో మూత తీసిన సీసా తప్ప. మామ మొదటి గుక్క తాగితే రెండో గుక్క నాదే.

ఒక ఊపిరి చూశాను. ఒకటే. అంతకంటే టైము లేదు.

“తాగొద్దు మామా!” అని మైకులో అరిచాను. “గ్లాసులో విషమేం లేదు. ఆయప్పకే లివరు చెడింది. డాక్టర్లు చుక్క ముట్టొద్దన్న్యారు. మీకు తెలీకుండా ఉత్త గ్లాసు పట్టుకోని తిరుగుతాండాడు. తాగితే పోతాడు, తాగకుంటే ఉంటాడు. మామ ఉండాలని కోరేవాళ్లు చేతులెత్తండి!”

అది దయ అని ఎవరైనా అనుకుంటే వాళ్ల ఇష్టం. దాక్కున్న జబ్బును లౌడుస్పీకరులో పెట్టి ఓట్లడగడంలో నాకు కలిగిన తీపి ఏ కూల్‌డ్రింకులోనూ లేదు. ముందు మామ మనుషులు బిత్తరపోయి ఎత్తారు. తర్వాత ఎదుటి వర్గం వాళ్లు ఒకరినొకరు చూసుకుని, నవ్వుతూ, రెండేసి చేతులు ఎత్తారు. శత్రువుల ఓట్లతో మామ గెలిచిన ఎన్నిక అదొక్కటే. తెల్లమీసాల ముసలాయన లేచి మామ చేతిలోంచి గ్లాసు తీసుకుని ఒక్క పెట్టున తాగేశాడు. “కదిలిందా అయ్యవారూ?” అన్నాడు మీసం తుడుచుకుంటూ.

“కదిలింది.”

తోటంతా నవ్వింది. నవ్వనిది మామ ఒక్కడే. సాయంత్రం జీపెక్కే ముందు నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. “చంపింటే బాగుండు గదరా నన్ను,” అన్నాడు.

“అందుకే చంపలా మామా.”

జనం నవ్వారు కాబట్టి ఒట్టు తీరినట్టే, అయినా మంగలి దగ్గరికి పోలేదు, ఊపిరి చూస్తే మామ ఇంకా వస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత కొన్ని వారాలకు, ఒక గురువారం, నేను నుదుటికి స్పాంజి కట్టుకుని కూర్చుని ఉండగా, మామ భార్య మామను రెక్క పట్టుకుని లోపలికి తెచ్చింది. తాగకుండా ఉండలేకపోతున్నాడట, తాగితే బతకడట, ఊరంతా గ్లాసు వంక కాక గొంతు వంకే చూస్తోందట. డాక్టరు పరీక్షలన్నీ చేయించి ఒప్పుకున్నాడు. నా పక్క కుర్చీలోనే కూర్చోబెట్టి, ఉప్పునీళ్లు పెట్టి, పట్టీ బిగించారు. ఒక నీటిబొట్టు ఆయన కంట్లోకి కారింది. తుడుచుకోబోతే అమ్మాయి చెయ్యి కదపొద్దంది. నేను ఆ బొట్టును తృప్తిగా చూశాను.

“ఊపిరి చూడండి. ఏమొస్తే అది రానీండి,” అంది. కాసేపాగి అడిగింది: “ఏమొచ్చింది?”

మామ కళ్లు మూసుకునే పళ్లు కొరికాడు. “ఈ అయ్యవారేనమ్మా వస్తాండాడు. మైకు పట్టుకోని.”

“పోనీండి.”

“పోడమ్మా! చేతులెత్తమంటాండాడు!”

నేనూ కళ్లు మూసుకున్నాను. నా ఊపిరిలో ఆ పూట మామ రాలేదు. ఎందుకొస్తాడు, పక్క కుర్చీలో పని మీద ఉన్నాడు కదా.

మర్నాడు పొద్దున మంగలి అంగడికి పోయాను. చాలా ఏళ్లుగా ఎరిగిన మనిషి. నురుగు పూసి, ఎడమ చెంప మీది ఒత్తు గడ్డం తీసి, కత్తి తుడుచుకుంటూ, మా వైపు గడ్డం తీసేవాణ్ణి ఎవరైనా అడిగేదే, చాలా మెల్లగా అడిగాడు.

“తీరిందా సార్? ఎప్పుడు?”

“నిన్న, గురువారం.”

“యాడ?”

“ఈడే, ప్రొద్దుటూర్లోనే. బంగారం అంగళ్ల వెనక సందులో. కండ్లు మూసుకోని కూచోనుంటే.”

కత్తి గాలిలో ఆగిపోయింది. అద్దంలో ఆయన ముఖం తెల్లబడడం చూశాను. “పోయినాడా సార్?”

“లేదప్పా. మళ్లా గురువారం వస్తాడు.”

ఆయన చెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఆ చేత్తో కుడి చెంప గీయించుకునే ధైర్యం నాకు లేకపోయింది. లేచి, తువ్వాలుతో నురుగు తుడుచుకుని, సగం గడ్డంతోనే ఇంటికి పోయాను. మా ఆవిడ తలుపు తీసి, గీసిన చెంపనూ గీయని చెంపనూ చాలాసేపు చూసింది.

“మిగతా సగం ఎప్పుడు సార్?”

“ఉండనీ,” అన్నాను. “పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాల గదా.”

ఆమె లోపలికి పోయింది. చేటలో బియ్యం గలగలమన్న చప్పుడు వినపడింది.